నెమ్మదించని ఇరవై మంది

వేములపట్నం డిగ్రీ, పీజీ కళాశాల మనోవిజ్ఞానశాస్త్ర ప్రయోగశాలలో ముప్పై ఒక్క ఏళ్లుగా ఒక్క ప్రయోగం కూడా విఫలం కాలేదు. పెద్ద పెద్ద దేశాల విశ్వవిద్యాలయాలు కూడా చెప్పుకోలేని మాట ఇది. అక్కడివాళ్లు ముందు ప్రయోగం చేసి, తర్వాత ఫలితం కోసం ఎదురుచూసి, అది రాకపోతే తలలు పట్టుకుంటారట. వేములపట్నంలో ఆ అవస్థ లేదు. ఇక్కడ ముందు ఫలితం రాస్తారు. తర్వాత ముగింపు, ఆ తర్వాత పట్టిక, చివరికి విధానం. ఇవన్నీ అయ్యాక తీరిక ఉంటే ప్రయోగం కూడా చేయవచ్చు గానీ, అంత తీరిక ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.

ఇంత ఘనతకూ ఆధారం మూల రికార్డు. ఏనాటి విద్యార్థో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి వదిలి వెళ్లిన ప్రాక్టికల్ పుస్తకం అది. అటెండర్ మస్తాన్ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి, పరీక్షల ముందు బయటికి తీసి, తడి చేతులతో ముట్టుకోవద్దని హెచ్చరించి పిల్లలకు ఇస్తాడు. పిల్లలు చూసి రాస్తారు. ఎవరి మీద ప్రయోగం చేస్తామో ఆ మనిషిని పాఠ్యపుస్తకం ప్రయోజ్యుడు అంటుంది. మూల రికార్డులోని ప్రయోజ్యుడి వయసు ఇరవై ఒకటి. ముప్పై ఒక్క ఏళ్లు గడిచినా అతనికి ఇంకా ఇరవై ఒకటే. అంత ఆరోగ్యంగా బతికినవాడు ఈ జిల్లాలో ఇంకొకడు లేడు.

అలాంటి చోట కొమ్ము ఎస్తేరు రాణి నిజంగా ప్రయోగం చేసేసింది.

కావాలని చేసిన తప్పేమీ కాదు. ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతున్న ఎస్తేరుకు ప్రాజెక్టు కింద 'అవధానంపై పూర్వప్రేరణ ప్రభావం' అనే అంశం, అంటే ముందు చదివిన మాటలు తర్వాత చేసే పని మీది ధ్యాసను మారుస్తాయా అన్నది, వచ్చింది. తీరా వెళ్లి అడిగితే మూల రికార్డు వేరే బ్యాచ్ దగ్గర ఉంది, వారం ఆగమన్నాడు మస్తాన్. ఆమెకు ఆగడానికి వీల్లేదు. గురుకుల పాఠశాలల్లో కౌన్సెలర్ పోస్టుల ఎంపిక జాబితాలో ఆమె పేరు ఉంది. నెలాఖరులోగా పాసైన పత్రం చూపించి చేరకపోతే ఆ పోస్టు జాబితాలో తర్వాతి పేరుకు పోతుంది. ఆరో తరగతి నుంచి తానూ హాస్టల్లో పెరిగిన పిల్లే. పిల్లల పక్కన కూర్చుని వాళ్ల మాట వినడమే పనిగా ఉండే ఉద్యోగం ఒకటి లోకంలో ఉందని తెలిసిన రోజు నుంచి ఆమెకు వేరే ఉద్యోగం మీద మనసు పోలేదు. అందుకని వారం రోజులు గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవడం దేనికని పాఠ్యపుస్తకం తెరిచి, అందులో ఎలా చెయ్యమని ఉందో అలా చేసింది.

నలభై మంది విద్యార్థులను పిలిచింది. ఇరవై మందికి ముసలితనానికి సంబంధించిన ముప్పై పదాలు ఇచ్చింది: ముడతలు, చేతికర్ర, పళ్లసెట్టు, పింఛను, మోకాలినొప్పి, ఇలాగ. మిగతా ఇరవై మందికి బల్ల, కిటికీ, బొంగరం, గొడుగు లాంటివి ఇచ్చింది. చదివాక అందరికీ అక్షరాలు కలగాపులగంగా అచ్చువేసిన ఒక కాగితం ఇచ్చి, అందులో 'ర' కనిపించిన చోటల్లా కొట్టేయమంది. ముసలితనం గురించి చదివినవాళ్లు తమకు తెలియకుండానే నెమ్మదించాలని సిద్ధాంతం. మూల రికార్డు ప్రకారం యాభై అయిదు సెకన్ల తేడా రావాలి. స్టాప్‌వాచ్ మీది ప్లాస్టిక్ కాగితం ఆమె విప్పుతుంటే మస్తాన్ తలుపు దగ్గర నిలబడి చూశాడు.

"అమ్మాయ్, నేను ఈ గదిలో చేరినప్పుడు నా జుట్టు నల్లగా ఉండేది. ఆ గడియారం ఆడటం ఇయ్యాలే చూస్తా ఉండా," అన్నాడు.

గడియారం బాగానే ఆడింది. బల్ల, కిటికీ చదివినవాళ్లకు సగటున రెండు నిమిషాల పదిహేను సెకన్లు పట్టింది. ముడతలు, చేతికర్ర చదివినవాళ్లకు రెండు నిమిషాల పద్నాలుగు సెకన్లు పట్టింది.

ఎస్తేరు రెండుసార్లు లెక్క చూసుకుని, ఉన్నది ఉన్నట్టు రాసి, శాఖాధిపతి డాక్టర్ చెన్నుపాటి వీరభద్రయ్య గారి ముందు పెట్టింది.

ఆయన పుస్తకం చివరి పేజీ తిప్పి చూశారు. అట్ట వెనక కూడా చూశారు. "ఫలితం ఏదమ్మా?" అన్నారు.

"అదే సార్. తేడా ఏమీ లేదు. అదే ఫలితం."

"లేకపోవడం ఫలితం ఎట్టా అవుద్దమ్మా? అన్నం లేకపోవడం భోజనం అవుద్దా?"

ఆయన కళ్లజోడు తుడుచుకుని, నిదానంగా, విచారణ జరిపే మెజిస్ట్రేటులా ఒక్కొక్కటే తీసుకున్నారు. "సిద్ధాంతంలో లోపం ఉందా? లేదు. సిలబస్‌లో ఉంది. పాఠ్య ప్రణాళికా మండలి ఏకగ్రీవంగా ఆమోదించింది. గడియారంలో లోపం ఉందా? లేదు. సీలు కూడా విప్పకుండా పెట్టాం. నీలో లోపం ఉందా? లేదు. నీకు ఎనభై రెండు శాతం ఇచ్చింది నేనే. ఇక మిగిలింది ఎవరు?"

"ఎవరు సార్?"

"ప్రయోజ్యులు. వాళ్లు ఫెయిలయ్యారు."

ఆడలేనివాడు మద్దెల ఓడు అనడం లోకంలో ఎప్పటినుంచో ఉన్నదే. ఆట బాగుంది, మద్దెలా బాగుంది, చూసేవాళ్లకే చూడటం రాలేదని కనిపెట్టింది మాత్రం వీరభద్రయ్య గారే.

ఎస్తేరు పుస్తకం మీదికి చెయ్యి చాపింది. "సార్, పోనీ దీన్ని పక్కన పెట్టి మూల రికార్డు చూసి రాసేస్తాను," అంది.

"ఇంకెక్కడ పెడతావమ్మా పక్కన? నలభై మందికి రోల్ నంబర్లేసి సంతకాలు తీసుకుని కూర్చున్నావు. ఇది రికార్డుగా ఉన్నంతసేపు మన చేతిలో ఉంది. ఇప్పుడు వ్యవహారం అయింది. వ్యవహారాన్ని పైకి పంపాల్సిందే. ఫలితం వచ్చాక రా, సంతకం పెడతా."

వ్యవహారం పైకి వెళ్లింది. పైన ప్రిన్సిపాల్ ఆచార్య నూకల త్రివిక్రమరావు గారు ఉన్నారు. కళాశాలకు గ్రేడు ఇవ్వడానికి తనిఖీ బృందం ఇరవై నాలుగో తేదీన రాబోతోందని ఆయనకు నెల రోజులుగా నిద్ర లేదు. ఫైలు చదివి బల్ల మీద అరచేత్తో కొట్టారు.

"ఫలితాధారిత విద్య అని ప్రతి గోడ మీదా రాయించాను. దానర్థం ఏమిటి? ముందు ఫలితం ఉండాలి. దాని ఆధారంగా విద్య ఉండాలి. ఇరవై మంది విద్యార్థులు సంస్థ ఇచ్చిన ముసలితనాన్ని చదివి, సంస్థ కళ్లెదుటే వేగంగా పనిచేస్తే, రేపు ఇంకేది చదివి ఇంకేం చేయరు? ఇది క్రమశిక్షణకు సంబంధించిన విషయం. మెమోలు ఇవ్వండి."

ఇచ్చారు. ఇరవై మందికీ ఒకటే నమూనా:

'మీరు మనోవిజ్ఞానశాస్త్ర ప్రయోగశాలయందు వృద్ధాప్యమునకు సంబంధించిన ముప్పది పదములను చదివియు, వాటివలన ఎట్టి ప్రభావమునకును లోనుగాక, యథావేగముతో అక్షరములను కొట్టివేసినట్లు మా దృష్టికి వచ్చినది. ఇట్టి ప్రవర్తన సంస్థ ప్రతిష్ఠకు భంగకరము. మీపై ఏల చర్య తీసుకొనరాదో మూడు దినములలో లిఖితపూర్వకముగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను. ఇచ్చుకొననిచో మీరు ప్రభావితులు కానిచ్చగించినట్లే భావించబడును.'

చివరి వాక్యం ఎవరికీ అర్థం కాలేదు గానీ, అర్థం కానందువల్లే అందరికీ భయం వేసింది. మూడు రోజుల్లో సంజాయిషీలు వచ్చి పడ్డాయి. ఒకమ్మాయి ఆ రోజు జలుబు వల్ల ముసలితనం సరిగా ఎక్కలేదని రాసింది. ఒకతను పదాలు చదివాను గానీ మనసు పెట్టలేదు, ఇకపై మనసు పెట్టి ముసలివాణ్ణవుతానని దండాలు పెట్టుకున్నాడు. ఇంకొకతను ఏం రాయాలో తెలియక సెలవు చీటీ నమూనాలో, అక్క పెళ్లి వల్ల నెమ్మదించలేకపోయానని రాసి తండ్రి సంతకం కూడా చేయించుకొచ్చాడు.

బీకాం రెండో ఏడు మాలకొండయ్య ఒక్కడే జరిగింది రాశాడు. 'ముసలితనం అని చదవంగానే మా తాత గుర్తుకొచ్చినాడు. మా తాత నాకంటే జోరుగా నడుస్తాడు. అందుకని నేను కూడా జోరుగా కొట్టేసినాను. ఇందులో నా తప్పేమీ లేదు, మా తాత తప్పు కూడా లేదు.'

ఎస్తేరు ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివి సంబరపడిపోయింది. మాట ఒకటే అయినా ఒక్కొక్కరి మనసులో ఒక్కొక్క బొమ్మ లేస్తుంది. ఎవరికి ఏ బొమ్మ లేచిందో అడగకుండా గడియారం చూస్తే ఏం లాభం? ఇన్ని రోజుల్లో ఆమెకు దొరికిన మొదటి తెలివైన మాట అది. ప్రాజెక్టులో చర్చ అనే చోట దీన్ని రాస్తానని వీరభద్రయ్య గారితో అంది కూడా.

"రాయొచ్చు," అన్నారాయన, "ముందు ఆ తాత సంగతి తేలనీ."

తాత సంగతి తేల్చడానికి ప్రభావలోప విచారణ సంఘం వేశారు. ప్రిన్సిపాల్ అధ్యక్షులు, వీరభద్రయ్య గారు సభ్యులు, వివరాలు రాసుకోవడానికి ఎస్తేరు. సోమవారం పదకొండింటికి నల్లబోతు పిచ్చయ్య అనే డెబ్భై తొమ్మిదేళ్ల పెద్దమనిషి, వెనక మనవడు ఆయాసపడుతూ పరుగెత్తుకొస్తుంటే, ముందు తాను చకచకా నడుచుకుంటూ కమిటీ గదిలోకి వచ్చాడు. రావడంతోనే కేసు సగం రుజువైపోయింది.

"ఏందయ్యా పిలిపిచ్చినారు? మావోడు ఏవన్నా ఎదవపని చేసినాడా? తొందరగా చెప్పండి, బర్రెలకి నీళ్లు పెట్టాల."

"మీ వయసెంత?" అన్నారు ప్రిన్సిపాల్.

"ఎనభైకి ఒకటి తక్కువ."

"ధ్రువపత్రం ఉందా?"

"నేను పుట్టినప్పుడు మా ఊళ్లో రాయడం వచ్చినోడు లేడయ్యా."

"ఒకసారి ఆ గోడ దాకా నడిచి చూపించండి."

పిచ్చయ్య గోడ దాకా వెళ్లి తిరిగొచ్చాడు. ఎస్తేరు గడియారం నొక్కేలోపే అయిపోయింది.

"అట్టా కాదయ్యా, పెద్దవాళ్లు నడిచినట్టు నడవాలి," అన్నారు వీరభద్రయ్య గారు, బుజ్జగిస్తున్నట్టు.

"పెద్దోళ్లంటే ఎవురు? మీరా?" అన్నాడు పిచ్చయ్య. యాభై ఎనిమిదేళ్ల వీరభద్రయ్య గారు మెట్లెక్కి వచ్చిన ఆయాసం నుంచి ఇంకా తేరుకోలేదు. "మీరు నడిస్తే నేను చూసి నేర్చుకుంటా."

మాలకొండయ్యకు నవ్వు ఆగలేదు. అది కూడా ఫైలులోకి ఎక్కింది. సాయంత్రానికి సంఘం తీర్మానం తయారైంది: 'సదరు వృద్ధుడు వృద్ధాప్య లక్షణములేవియు ప్రదర్శించనందున ఆయనను వృద్ధునిగా పరిగణించుటకు సాంకేతికముగా వీలుపడదు. కావున ఆయనను తలచుకొని మనుమడు వేగముగా పనిచేసెనన్న వాదన చెల్లదు.' తాను ముసలివాణ్ణి కానని ప్రభుత్వ జీతగాళ్లు రాసిచ్చినందుకు పిచ్చయ్య మాత్రం మహా సంతోషించి, ఆ కాగితం నకలు అడిగి తీసుకుని వెళ్లాడు.

మర్నాటి నుంచి సాయంత్రం నాలుగు నుంచి అయిదు వరకు ఇరవై మందికీ ప్రత్యేక తరగతులు మొదలయ్యాయి. హాజరు తప్పనిసరి. వీరభద్రయ్య గారే స్వయంగా చెప్పారు.

"పూర్వప్రేరణ అంటే మీకు తెలియకుండానే మీ మీద పనిచేసేది. కాబట్టి పదాలు చదవంగానే మీకు తెలియకుండా మీరు నెమ్మదించాలి. తెలియకుండా ఎట్టా నెమ్మదించాలో రేపు నోట్సు చెప్తా, అందరూ రాసుకోండి."

ఒకమ్మాయి చెయ్యెత్తింది. "సార్, రాసుకుంటే తెలిసిపోద్ది కదా సార్?"

"రాసుకుని మర్చిపోవాలి. పరీక్షలకి మీరు చేసేది అదేగా?"

అందరి దగ్గరా హామీపత్రాలు తీసుకున్నారు: 'నాకు తెలియకుండానే ప్రభావితుడనయ్యెదనని పూర్తిగా తెలిసి, ఎవరి బలవంతమూ లేకుండా హామీ ఇచ్చుచున్నాను.' హాల్ టికెట్లు ఇచ్చారు. పక్కవాడి నెమ్మదిని చూసి కాపీ కొట్టకుండా ఇద్దరు ఇన్విజిలేటర్లను వేశారు. కళాశాల ఎదుట జిరాక్సు కొట్టువాడు 'ముసలితనం, ముఖ్యమైన ముప్పై పదాలు, జవాబులతో సహా' అని కట్టలు కట్టి పెట్టాడు. ఆ పదాలకు జవాబులేమిటో ఎవరూ అడగలేదు. అందరూ కొన్నారు.

వారం తిరిగేసరికి ఫలితాలు రావడం మొదలైంది. మనవాళ్లకు ఒకటి చెయ్యమంటే చెయ్యరు గానీ, పరీక్ష అంటే ప్రాణాలిస్తారు. ఒకతను పేజీకి పన్నెండు నిమిషాలు తీసుకున్నాడు. అది చూసి ఇంకొకతను ఇరవై దాటించాడు. జలుబమ్మాయి కాగితం చేతికివ్వగానే దగ్గి, కళ్లు చికిలించి, పెన్సిలు ఎక్కడుందో తడుముకుని ఫస్టుక్లాసు తెచ్చుకుంది. మాలకొండయ్య ఒక్కడికే చెయ్యి ఆగేది కాదు. రెండున్నర నిమిషాలకు 'ర'లన్నీ కొట్టేసి, తల వంచుకుని కూర్చునేవాడు. మూడుసార్లు సప్లిమెంటరీ రాయించారు.

"అక్కా, నాలుగోసారి పోతే ఈ ఏడు హాజరు ఇచ్చేది లేదన్నారు," అన్నాడు ఎస్తేరుతో వరండాలో. "నీకు పుణ్యముంటది, ఎట్టా నెమ్మదించాలో చెప్పు."

గడియారం మీద తాను తొందరపడి విప్పిన ప్లాస్టిక్ కాగితం ఈ పిల్లాడి ఏడాది మీదికి వచ్చిందని ఎస్తేరుకు అప్పుడు అర్థమైంది. "ఒక్కో 'ర' కొట్టి మీ బర్రెలన్నీ ఒకసారి లెక్కపెట్టుకో," అంది చిన్నగా. అంది గానీ, అన్నాక ఆమెకు ఆ రోజు అన్నం సహించలేదు. ప్రయోజ్యుడికి జవాబు చెప్పిన ప్రయోగం ఇంకేం ప్రయోగం?

ఇరవై నాలుగో తేదీ వచ్చింది. మామిడాకుల తోరణాలు, సన్నాయి, శాలువాలు అన్నీ అయ్యాక తనిఖీ బృందాన్ని ప్రయోగశాలకు తీసుకొచ్చారు. శిక్షణ పొందిన ఇరవై మంది కుడివైపు, ఏమీ తెలియని వేరే ఇరవై మంది ఎడమవైపు కూర్చున్నారు. బల్ల మీద పదాల కాగితాలు రెండు కట్టలుగా ఉన్నాయి. ముసలితనం కుడివైపుకు, బల్ల, కిటికీ ఎడమవైపుకు ఎస్తేరు పంచాలని ఏర్పాటు.

బృందాధ్యక్షులు పెద్దాయన. ఆయనకు హఠాత్తుగా ఉత్సాహం పుట్టింది. "నిష్పాక్షికత కోసం పంపిణీ నా చేతుల మీదుగా జరగడం సముచితం," అంటూ రెండు కట్టలూ చేతిలోకి తీసుకున్నారు. అధ్యక్షుల చేతిలోంచి కాగితాలు లాక్కునే ధైర్యం ఆ గదిలో ఎవరికీ లేదు. ఆయన కుడివైపు వాళ్లకు బల్ల, కిటికీ పంచారు. ఎడమవైపు వాళ్లకు ముడతలు, చేతికర్ర పంచారు.

కుడివైపు ఇరవై మందిలో పందొమ్మిది మంది కాగితం వైపు చూడనైనా చూడలేదు. వాళ్లకు అవి కంఠతా వచ్చు. మాలకొండయ్య ఒక్కడే చదివి, చెయ్యెత్తాడు. "సార్, ఇందులో బొంగరం అని ఉంది సార్."

"మాట్లాడకూడదు," అన్నాడు ఇన్విజిలేటరు.

ఎడమవైపు వాళ్లు ముసలితనమంతా చదివి, రెండు నిమిషాల పదిహేను సెకన్లలో పని ముగించి క్యాంటీనుకు వెళ్లిపోయారు. కుడివైపు వాళ్లు బల్లలు, కిటికీలు, బొంగరాలు ముందు పెట్టుకుని ముప్పై ఒక్క నిమిషాలు కూర్చున్నారు. ఇద్దరు గురకపెట్టారు. ఒకతను లేవడానికి ఇద్దరి సాయం అడిగాడు. మాలకొండయ్య పెదవులు కదుపుతూ బర్రెలను లెక్కపెట్టుకున్నాడు.

అధ్యక్షుల కళ్లు చెమ్మగిల్లాయి. "నా నలభై ఏళ్ల అనుభవంలో పదాల ప్రభావం ఇంత ప్రగాఢంగా, ఇంత సామూహికంగా వ్యక్తం కావడం చూడలేదు. ఇది కేవలం ప్రయోగం కాదు, ఆదర్శ విధానం. దీని నకలు అన్ని ప్రభుత్వ శాఖలకూ పంపుతాను," అన్నారు. ప్రిన్సిపాల్ గారు మొదట చప్పట్లు కొట్టి, తర్వాత అందరిచేతా కొట్టించారు.

ఎస్తేరు వీరభద్రయ్య గారిని పక్కకు పిలిచింది. "సార్, కాగితాలు తారుమారయ్యాయి. వీళ్లు చదివింది బల్ల, కిటికీ. ముసలితనం చదివినవాళ్లు రెండు నిమిషాల్లో వెళ్లిపోయారు."

"పంచింది ఎవరమ్మా?"

"అధ్యక్షులు సార్."

"అధ్యక్షులు తప్పు పంచుతారా?"

"పంచారు సార్."

"అయితే ఆ మాట నువ్వు వెళ్లి వారితో చెప్పు. నేనిక్కడే ఉంటా." ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఏ కాగితం ఎవరికి పోయిందో ఇక్కడ తెలిసింది నీ ఒక్కదానికే. పిల్లలకి హాజరొచ్చుద్ది, కాలేజీకి గ్రేడొచ్చుద్ది, నీకు ఉద్యోగమొచ్చుద్ది. నువ్వు రాయి, నేను సంతకం పెడతా. ఇంకా ఆరు రోజులేగా ఉంది నీకు?"

విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం. ఎస్తేరు కిటికీలోంచి చూసింది. మాలకొండయ్య గండం గట్టెక్కిన ఆనందంలో స్నేహితుల భుజాల మీద చేతులేసి వెళుతున్నాడు. పెన్ను తీసుకుని ముసలితనం గడిలో ముప్పై ఒక్క నిమిషాలు అని, బల్ల, కిటికీ గడిలో రెండు నిమిషాల పదిహేను సెకన్లు అని రాసింది. రాస్తున్నంతసేపు ఆమెకు తన చెయ్యి మీద తనకే అసహ్యం వేసింది. సిరా ఆరకముందే వీరభద్రయ్య గారు సంతకం పెట్టేశారు.

ముప్పయ్యో తేదీ ఉదయం ఎస్తేరు పత్రాలన్నీ పట్టుకుని గొల్లమిట్ట గురుకుల బాలికల పాఠశాలలో దిగింది. ప్రిన్సిపాల్ అరుంధతి గారు మంచి మనిషిలా ఉన్నారు. పత్రం మీద పేరు చూసి లేచి నిలబడ్డారు.

"మీరేనా ఎస్తేరు రాణి? కూర్చోండమ్మా, కూర్చోండి. మీ పేరు ఆర్డరులో కూడా వేశారు. టీ తాగుతారా?"

"నా పేరు ఆర్డరులో ఎందుకుంటుంది మేడం?"

ఆవిడ కాగితం అందించారు. మంచి పని చెయ్యమంటే ఆరేళ్లయినా కదలని ఫైలు, పోస్టు తీసేసే పనికి ఆరు రోజుల్లో కదిలింది.

'వేములపట్నం కళాశాలలో కె. ఎస్తేరు రాణి నిర్వహించిన ప్రయోగములో కేవలము ముప్పది పదములు మానవ ప్రవర్తనను పద్నాలుగు రెట్లు మార్చగలవని నిస్సందేహముగా రుజువైనందున, గురుకులములందు కౌన్సెలర్ల ఆవశ్యకత లేదని ప్రభుత్వము భావించి, సదరు పోస్టులన్నిటిని రద్దు చేయడమైనది. బదులుగా ప్రతి పడకగదియందు ధైర్యము, ఆనందము, ఉత్సాహము మొదలగు ముప్పది పదములతో ఫ్లెక్సీ కట్టవలెను.'

ఎస్తేరు రెండోసారి చదవలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందనే మాట వినడమే గానీ, ఆ మందు తన చేత్తో తానే నూరిందని ఆమెకు అప్పుడు తెలిసింది.

"ఊరికే బాధపడబాకండి," అన్నారు అరుంధతి గారు. "ఎంత పేరొచ్చింది మీకు! రండి, మీ ఫ్లెక్సీ ఎంత బాగా కట్టించామో చూద్దురుగాని."

ఆరో తరగతి పిల్లల పడకగది అది. నలభై ఇద్దరు పిల్లలు, రెండు కిటికీలు. ఆర్డరులో చెప్పిన కొలత ఆ గోడకు సరిపోక, ఫ్లెక్సీ ఈ కొస నుంచి ఆ కొస దాకా రెండు కిటికీలనూ కప్పేసింది. నీలం రంగు మీద పసుపు అక్షరాలు మెరుస్తున్నాయి. గదిలో చెమట వాసన, ఉక్కపోత. పిల్లలు ట్రంకుపెట్టెల మీద కూర్చుని నోటుపుస్తకాలతో విసురుకుంటున్నారు.

"ఎట్టా ఉందమ్మా కొత్త ఫ్లెక్సీ?" అని అడిగారు అరుంధతి గారు.

"చాలా బాగుంది మేడం," అన్నారు నలభై ఇద్దరూ ఒక్క గొంతుతో.

ఆవిడ తృప్తిగా గడప దగ్గరికి వెళ్లారు. దగ్గరలో కూర్చున్న సన్నటి పిల్ల ఒకతె ఎస్తేరు చున్నీ కొస పట్టుకుని లాగింది.

"అక్కా, కిటికీలు మూసుకుపోయినయి. పడుకుంటే ఊపిరాడట్లా. వార్డెన్ మేడంకి చెబితే, ధైర్యం అని పదిసార్లు చదివి పడుకోమంది."

"చదివావా?"

"చదివినా. అయినా ఆడట్లా."

ఎస్తేరు ట్రంకుపెట్టె ఒకటి గోడ దగ్గరికి జరిపి, దాని మీదికెక్కి, ఫ్లెక్సీ ముడి మీద చెయ్యి వేసింది.

"అయ్యయ్యో, ముట్టుకోవద్దమ్మా!" అరుంధతి గారు గడప దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చారు. "అది మీ ప్రాజెక్టు ప్రకారం కట్టిందే."

"ఆ ప్రాజెక్టు అబద్ధం మేడం. రాసింది నేనే, నాకు తెలుసు."

"అబద్ధమైతే అంతమంది సంతకాలు ఎట్టా పెట్టారు?"

"నేను రాసినట్టే వాళ్లూ పెట్టారు."

అరుంధతి గారి మొహం పాలిపోయింది. మంచి మనిషే, అయినా ఆర్డరు ఆర్డరే. "ఆ మాట కాగితం మీద రాసివ్వాలమ్మా. లేకపోతే నా మీదికొస్తది. రాసిస్తే మాత్రం మీ డిగ్రీ పోద్దేమో, ఆలోచించుకోండి."

"ఆలోచించాను మేడం. కాగితం తెప్పించండి, రాసిస్తాను," అంటూ ఎస్తేరు మొదటి ముడి విప్పింది. కిటికీ సగం బయటపడి, వేడిదైనా గాలి కాస్త లోపలికి వచ్చింది. ఆమె పెట్టె మీద నుంచే పిల్లల వైపు తిరిగింది. "ఈలోపు ఆ రెండో కొస ఎవరైనా పట్టుకోండమ్మా, నా ఒక్కదానికే అందట్లేదు."

పిల్లలు మేడం మొహం వైపు చూశారు. తర్వాత ఒక్కొక్కరే నోటుపుస్తకాలు కింద పెట్టి లేచి వచ్చారు.